అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరు మీకు తెలుసా?

తాత పేరు అడిగితే ఠక్కున చెబుతాం. ముత్తాత పేరు కూడా చాలామందికి తెలుసు. మరి అమ్మమ్మ వాళ్లమ్మ పేరేమిటి? ఆమె ఏ ఊరి ఆడపడుచు? అక్కడే నోరు కట్టేసినట్లవుతుంది!

సిరికొండ, భీంగల్, బోధన్ పల్లెల్లో వంశం సంగతులు వెతికేవారికి దారులు లేకపోలేదు. ఒకప్పుడు కులానికొక కథకులుండేవారు. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు, రెడ్లకు, కాపులకు పిచ్చకుంట్లవారు. ఈ పిచ్చకుంట్లవారినే ఇప్పుడు వంశరాజులంటున్నారు. వీళ్లు ఊరికి వచ్చి కథ చెప్పి, గోత్రాలు, ఇంటిపేర్లు ఏకరువు పెట్టి, తమకు రావలసిన మిరాశి అందుకుని వెళ్లేవారు.

కాగితం మీద వెతకాలంటే భూమి రికార్డులు ఉండనే ఉన్నాయి. తెలంగాణలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ చూస్తే ఏ సర్వే నంబరు ఎవరి పేర ఉందో, ఎవరు సాగు చేశారో తెలుస్తుంది. అంతకుముందు కాగితాలు చాలావరకు ఉర్దూలో ఉంటాయి. వాటిమీద ఫసలీ సంవత్సరం కనిపిస్తే కంగారు పడకండి. దానికి 590 కలిపితే సరి. 1355 ఫసలీ అంటే 1945-46 అన్నమాట.

బోధన్, వర్ని వైపు కొన్ని కుటుంబాల సంగతి వేరు. మంజీరపై 1923-31 మధ్య నిజాంసాగర్ కట్టాక, కాలువ నీళ్లను నమ్ముకుని కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి స్థిరపడ్డారు. 1937లో శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చాక చెరకు పెరిగింది. ఫ్యాక్టరీ 2015లో మూతపడినా ఆ కుటుంబాలు ఇక్కడే ఉన్నాయి. వాళ్ల పాత కాగితాలు మాత్రం తాతలు వదిలివచ్చిన ఊళ్లలో వెతకాల్సిందే.

ఇన్ని దారులున్నా ఒక చిక్కుంది. భూమి ఎక్కువగా మగవాళ్ల పేర్ల మీదే ఉండేది గనుక పహాణీల్లో ఆడవాళ్ల పేర్లు అరుదు. పెళ్లయ్యాక ఇంటిపేరూ మారిపోతుంది. రెండు తరాలు గడిస్తే ఆమె ‘ఫలానా వారి కోడలు’గానే మిగిలిపోతుంది!

ఫ్రాన్సు పల్లెల సంగతి చూడండి. బాప్తిస్మాలను చర్చి పుస్తకంలో రాయాలని అక్కడి రాజు 1539లోనే శాసనం చేశాడు. 1579లో పెళ్లిళ్లు, మరణాలు కూడా చేర్చారు. ఆ పుస్తకాల్లో స్త్రీని పుట్టింటి ఇంటిపేరుతోనే రాసే అలవాటు ఉండేది. అందుకే నాలుగు వందల ఏళ్లనాటి పేదరైతు భార్య ఎవరి బిడ్డో ఇవాళ కూడా తెలుసుకోగలుగుతున్నారు.

మనకు అలాంటి పుస్తకం లేకపోయినా అటక మీద సామాను ఉంది కదా! పాత ఇత్తడి బిందెలు, చెంబులు, తాంబాళాలు దింపి తోమి చూడండి. ఇచ్చినవారి పేరు, ఊరు, ఒక్కోసారి తేదీ కూడా చెక్కించి ఉంటాయి. పుట్టింటివారు పెట్టిన సామాను మీది ఆ అక్షరాలు పహాణీలో దొరకని సంగతులు చెబుతాయి. లగ్నపత్రికలు, పెళ్లి కట్నాల చదివింపుల పుస్తకాలు కూడా చూడండి.

ఇదంతా ఉబుసుపోకకు కాదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి జన్మతః హక్కును మన దగ్గర 1986 చట్టసవరణ అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఇచ్చింది. 2005లో దేశమంతటా కూతుళ్లందరికీ వచ్చింది. అయినా వంశవృక్షం రాసేటప్పుడు కొడుకుల పేర్లు మాత్రమే రాసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కాగితంలో పేరే లేని ఆడపడుచు రేపు తన వాటా అడగాలంటే ఎంత కష్టం! భర్తలు దుబాయిలో, మస్కట్‌లో ఉన్నప్పుడు ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది ఇల్లాళ్లే కదా.

మరి ఎలా మొదలుపెట్టాలి?

* ఒక రెండొందల పేజీల నోటుబుక్కు తీసుకోండి. ఒక్కొక్కరికి ఒక పేజీ కేటాయించండి.

* పేరు, పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు... ఈ వరుసలో రాయండి. కోడళ్ల పుట్టింటి ఇంటిపేరు తప్పనిసరి. పసితనంలో పోయిన పిల్లలనూ వదలకండి.

* పెద్దవాళ్లకు సంవత్సరాలు గుర్తుండవు. ‘నిజాంసాగర్ కట్టేటప్పుడా? రజాకార్ల గొడవప్పుడా?’ అని అడిగితే ఇట్టే చెబుతారు.

* ఒకరు చెప్పింది ఇంకొకరిని అడిగి సరిచూసుకోండి. ఎవరు చెప్పారో పక్కనే రాయండి.

ఈసారి బతుకమ్మ పండుగకు పుట్టింటికి వెళ్లినప్పుడు నోటుబుక్కు సంచిలో పెట్టుకోండి. ఆడపడుచులంతా ఒక్కచోట చేరేది అప్పుడే. ఇంట్లో అందరికన్నా పెద్దామెను ముందుగా అడగండి. మిగతావాళ్లను ఆ తర్వాత అడగవచ్చు.