గాలి పంపులోని పీడనము: లెక్క కట్టు విధము

మందు కొట్టు చేతిపంపులు ముఖ్యముగా రెండు విధములు. మొదటి దానిని వీపున తగిలించుకొని, నడచునంతసేపు లివరు నాడించుచుండవలెను. రెండవ దానిలో ముందుగానే తొట్టిలోనికి గాలి నెక్కించి, ఆ గాలి బలముచేతనే మందును చిమ్మింతురు. ఈ రెండవ దానిని వాడు రైతులు, "మొదటి సాళ్లలో మందు మంచువలె పడుచున్నది, చివరి సాళ్లకు బొట్లు బొట్లుగా కారుచున్నది" అని తరచుగా మాతో చెప్పుచుందురు. నాజిలు శుభ్రముగా నుండి, ఎక్కడను గాలి కారకున్నను ఇట్లు జరిగినచో అది పంపు లోపము కాదు, గాలి స్వభావము. ఆ స్వభావము నెరిగినయెడల మందెంత పోయవలెనో, గాలి యెంత కొట్టవలెనో మనమే లెక్క కట్టుకొనవచ్చును.

వాయు నియమము

వేడి మారకుండ గాలిని సగము చోటిలోనికి అదిమినచో దాని పీడనము రెట్టింపగును; రెట్టింపు చోటిచ్చినచో సగమగును. దీనిని 1662లో రాబర్టు బాయిలు ప్రకటించెను. వేడిచే వాయువులు వ్యాకోచించు తీరును 1802లో గేలుసాకు ప్రకటించెను. ఈ రెంటిని 1834లో క్లాపేరాను అను ఫ్రెంచి ఇంజనీరు ఒక్క సమీకరణముగా కూర్చెను. నేడు దాని నిట్లు వ్రాయుదురు:

పీడనము × ఘనపరిమాణము = మోలుల సంఖ్య × 0.082 × ఉష్ణోగ్రత

ఇందు ఘనపరిమాణము లీటర్లలోను, పీడనము వాతావరణములలోను ఉండవలెను. ఉష్ణోగ్రతకై సెంటిగ్రేడు డిగ్రీలకు 273 కలుపవలెను. గాలి ఒక మోలు ఇంచుమించు 29 గ్రాములు తూగును.

ఇచ్చట నొక మెలకువ కలదు. మన చుట్టునున్న గాలియే ప్రతి చదరపు సెంటీమీటరు మీదను ఇంచుమించు 1 కిలోగ్రాము బరువుతో నొక్కుచున్నది. అదియే ఒక వాతావరణము. గేజి దీనిని చూపదు. కావున గేజి చూపిన అంకెకు 1 కలిపి, ఆ పిమ్మటనే లెక్క చేయవలెను.

ఒక ఉదాహరణము

10 లీటర్ల తొట్టిలో 7 లీటర్ల మందు పోసితి మనుకొందము. గాలికి 3 లీటర్ల చోటు మిగులును. గేజి 3 చూపువరకు కొట్టినచో నిజ పీడనము 4. అనగా 12 లీటర్ల బయటి గాలి ఆ 3 లీటర్లలో ఇమిడియున్నది. అందు 3 లీటర్లు ముందే యున్నవి. మనము ఎక్కించినవి 9. పిడి నొకసారి నొక్కినప్పుడు 150 మిల్లీలీటర్లు లోనికి పోవునెడల 60 నొక్కులు కావలెను. ఉష్ణోగ్రత 27 డిగ్రీలైనచో (కలుపగా 300) ఆ గాలి 0.488 మోలు, సుమారు 14 గ్రాములు. 0.488 × 0.082 × 300 ÷ 3 చేసినచో మరల 4 వచ్చును.

3 లీటర్ల మందు చిమ్మిన పిమ్మట గాలికి 6 లీటర్ల చోటగును. పీడనము 12 ÷ 6 = 2; గేజి 1 చూపును. మందు బొట్లు కట్టుట అందుచేతనే. అప్పుడు నిలిచి, 80 నొక్కులతో 12 లీటర్ల గాలి నెక్కించినచో గేజి మరల 3 చూపును. తొట్టి యంతయు ఖాళీ యగువరకు గేజి 1.4కు తగ్గదు.

ఇక 9 లీటర్లు పోసిన రైతు సంగతి చూతము. గాలి చోటు 1 లీటరే. 20 నొక్కులకే గేజి 3 చూపును. పని తేలికయైనదని అతడు సంతసించును. కాని 1 లీటరు చిమ్మగానే గేజి 1కి దిగును. 3 లీటర్లకు సున్న యగును. 6 లీటర్ల మందు తొట్టిలోనే నిలిచిపోవును. మడిలో కొంత భాగమునకు మందు సరిగా అందదు. పురుగు అచ్చటనే నిలుచును.

ఎండ, మూత

గాలి నింపిన తొట్టిని ఎండలో వదలగా 57 డిగ్రీలకు వేడెక్కిన దనుకొందము. నిజ పీడనము 4 × 330 ÷ 300 = 4.4 అగును. గేజి 3.4 చూపును. పాత తొట్టికి, త్రుప్పు పట్టిన అతుకునకు ఇది మంచిది కాదు.

అంతకంటె ముఖ్యమైనది మూత. 8 సెంటీమీటర్ల అడ్డుకొలత గల మూత వైశాల్యము సుమారు 50 చదరపు సెంటీమీటర్లు. గేజి 3 చూపునప్పుడు దానిని లోపలినుండి త్రోయు బలము 150 కిలోగ్రాముల బరువుతో సమానము. గాలి విడువక మూత త్రిప్పినచో అది ముఖమునకు తగులును; విషపు మందు కన్నులలో పడును.

ఈ లెక్క వంటగ్యాసు సిలిండరునకు చెల్లదు. అందు గ్యాసు ద్రవరూపమున నుండుటచే, ఉష్ణోగ్రత మారనంతవరకు ద్రవము మిగిలియున్నంతకాలము పీడనము ఇంచుమించు ఒకే తీరున నుండును.

కావున సభ్యులు తొట్టిపై చెక్కిన గీతకు మించి మందు పోయరాదు. గేజి 1కి దిగకముందే మరల గాలి కొట్టవలెను. తయారుచేసినవారు సూచించిన పీడనమును దాటరాదు. నిండిన తొట్టిని నీడ నుంచవలెను. గాలి పూర్తిగా విడిచి, గేజి సున్న చూపిన పిమ్మటనే మూత తీయవలెను.