జింకల్ని లెక్కపెడితే జీతం ఎవరిస్తారు?

సంక్రాంతికి ఊరికి బయల్దేరక ముందే ఆళ్ళగడ్డ నుంచి చిన్నాయన ఫోన్. ‘‘నువ్వు సాఫ్ట్‌వేర్‌లో ఉండావు, నువ్వు చెప్తే వింటాది. పాపకు నువ్వన్నా చెప్పురా!’’

పాప అంటే మా చెల్లి. డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఇంటర్ బైపీసీ అయ్యాక నీట్ లాంగ్‌టర్మ్‌కి పోనని మొండికేసి బయాలజీ డిగ్రీలో చేరింది. అందులో కన్జర్వేషన్ బయాలజీ అంటే ప్రాణం. ఇప్పుడు వైల్డ్‌లైఫ్‌లోనే ఎమ్మెస్సీ చేస్తానంటోంది. చిన్నాయనకు విత్తనాలు, పురుగుమందుల అంగడి ఉంది. ఆయన లెక్క వేరే. హైదరాబాద్‌లో ఆర్నెల్ల డేటా సైన్స్ కోర్సు, తర్వాత ఉద్యోగం, తర్వాత పెళ్ళి. ఫీజు కూడా రెడీగా పెట్టుకున్నాడు.

నేనూ చెప్పాల్సిన నాలుగు మాటలు రెడీ చేసుకునే వెళ్ళా. చెల్లి ఒక్కటే అంది: ‘‘ఒక రోజు నాతో రా అన్నా. తర్వాత ఎంతసేపైనా చెప్పు.’’

పొద్దున్నే బైక్ తీశాం. శిరివెళ్ళ దాటుతుంటే కుడివైపు నల్లమల. ఆ కొండల్ని చూపిస్తూ ఓ సంగతి చెప్పింది. నీలంగా మెరిసిపోయే సాలీడు ఒకటుంది. 1899లో గుత్తి దగ్గర దొరికిందని ‘గుత్తి’ పేరుతోనే ప్రపంచానికి తెలుసు. ఆ తర్వాత వందేళ్ళకు పైగా జాడే లేదు. 2001లో మళ్ళీ ఎక్కడ దొరికిందంటే, నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య అడవిలో! అంతరించిపోయే ప్రమాదం బాగా ఎక్కువున్న జాబితాలో ఉందది. విదేశాల్లో మాత్రం జనం ఇళ్ళల్లో గాజు పెట్టెల్లో పెంచుకుంటారు. నేను నంద్యాలలో పుట్టి పెరిగా. గిద్దలూరు రోడ్డులో ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. దీని పేరు వినడం మాత్రం అదే మొదటిసారి.

నంద్యాల దాటి గడివేముల మీదుగా రోళ్ళపాడు చేరాం. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. విస్తీర్ణం 614 హెక్టార్లు. పిట్ట అంటాం గానీ మీటరు ఎత్తు, మగదైతే పదిహేను కిలోల దాకా తూగే పక్షి. నేల మీదే గుడ్డు పెడుతుంది, అదీ ఏడాదికి సాధారణంగా ఒక్కటే. దేశం మొత్తమ్మీద అడవిలో మిగిలినవి 150 కూడా ఉండవు, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లోనే.

‘‘మరిక్కడ?’’ అన్నా.

‘‘కనిపిస్తే పేపర్లో వేస్తారన్నా’’ అంది.

లోపల నడిచి లెక్కించాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. అందుకని బయట పొలాల దారి పట్టాం. కాలేజీ నుంచి తెచ్చిన రేంజ్‌ఫైండర్ నా చేతికిచ్చింది. కృష్ణజింకల గుంపు కనపడగానే ఎన్ని ఉన్నాయి, ఎంత దూరంలో ఉన్నాయి, ఏ దిక్కున ఉన్నాయి అని రాసుకోవాలి. దారికి దగ్గరున్నవి అన్నీ కనిపిస్తాయి. దూరం పెరిగేకొద్దీ కొన్ని కళ్ళు గప్పుతాయి. ఎంత దూరంలో ఎన్ని తగ్గుతున్నాయో గ్రాఫ్ గీస్తే, మనం చూడకుండా వదిలేసినవి ఎన్నో అంచనా కట్టొచ్చు. కనపడనివాటిని లెక్కపెట్టే పద్ధతి! (అసలు లెక్కకైతే దారి వెంట కాదు, ముందే గీసుకున్న సరళరేఖల మీద నడవాలట. ఇది ప్రాక్టీసే.) రెండు గంటల్లో నా మెడ పట్టేసింది.

సెనగ చేను గట్టున ఒక రైతు ఆపాడు. రాత్రుళ్ళు కాపలా ఉంటున్నాడట. ‘‘మీకు ఫొటో, మాకు నష్టం’’ అన్నాడు. నాకు ఏం మాట్లాడాలో తోచలేదు. చెల్లి మాత్రం నోట్‌బుక్ తీసి ఏ నెలలో వస్తాయి, ఏ పైరు ముందు తింటాయి అని అడగడం మొదలుపెట్టింది. పది నిమిషాల్లో ఆయనే మంచినీళ్ళిచ్చాడు.

తిరిగొస్తూ అర్థమైంది నాకు. బట్టమేక కోసం పెట్టిన చోట జింకలు పదుల నుంచి వందలయ్యాయి. బట్టమేక మాత్రం నిలవలేదు. జింకకు కాపలా ఉన్న గడ్డి చాలు. ఆ పక్షికి అభయారణ్యం చుట్టూ ఉన్న బీళ్ళు, వర్షాధారపు చేలు కూడా కావాలి. నీళ్ళొచ్చి పైర్లు మారాయి, బీళ్ళు తగ్గాయి. రైతుకు నీళ్ళు రావడం తప్పా? కాదు కదా. పైగా మన రికార్డుల్లో గడ్డి మైదానాన్ని ‘బంజరు’ అనే రాస్తారు. పనికిరాని భూమన్నమాట. అడవి నరికితే అందరం పోస్టులు పెడతాం, బీడు పోతే ఎవరికీ పట్టదు.

గని దగ్గర సోలార్ పార్క్ పక్కన బండి ఆపించింది. 2017లో మొదలైంది. వెయ్యి మెగావాట్లు, దాదాపు 6 వేల ఎకరాలు. చూపు ఆనినంత మేర ప్యానెళ్ళే. క్లాసులో వీళ్ళు వాదించుకునే ప్రశ్న ఇదేనట: బొగ్గు వద్దంటే ఇది కావాలి, మరి దీనికి ఏ భూమి ఇవ్వాలి? రాజస్థాన్, గుజరాత్‌లలో బట్టమేకలు కరెంటు తీగలకు తగిలి చచ్చిపోతున్నాయి. వాటికి ఎదురుగా ఉన్నది సరిగా కనపడదు, బరువైన ఒళ్ళు కావడంతో చివరి క్షణంలో తిరగలేవు. 2021లో సుప్రీంకోర్టు తీగల్ని భూమిలో వేయమంది. అన్నిచోట్లా కుదరదని ప్రభుత్వం చెప్పడంతో 2024లో ఆ ఆదేశాన్ని మార్చి నిపుణుల కమిటీ వేసింది. ‘‘నీ జవాబేంటి?’’ అని చెల్లిని అడిగా. ‘‘ముందు ఎక్కడేముందో లెక్క తేలాలి కదన్నా’’ అంది.

రాత్రి చిన్నాయన దగ్గర కూర్చున్నా. ‘‘జింకల్ని లెక్కపెడితే జీతం ఎవరిస్తారు?’’ ఆయన ప్రశ్న న్యాయమైనదే. డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, బెంగళూరులో ఎన్‌సీబీఎస్ ఉంది. రెండు చోట్లా వైల్డ్‌లైఫ్ ఎమ్మెస్సీ ఉంది, సీట్లు మాత్రం చాలా తక్కువ. జువాలజీ, బోటనీ డిగ్రీలతో ఐఎఫ్‌ఎస్ రాయొచ్చు. ఆ మాటకొస్తే బీటెక్‌తో నేనూ రాయొచ్చట, నాకెవరూ చెప్పలేదు. మిగతావి ఎక్కువగా ప్రాజెక్టు ఉద్యోగాలు. ప్రాజెక్టు అయిపోతే మళ్ళీ వెతుక్కోవాలి. ఇవేవీ దాచలేదు. నేను రెడీ చేసుకున్న నాలుగు మాటలు మాత్రం చెప్పలేదు. డేటా సైన్స్ అంటావు కదా చిన్నాయనా, పొద్దుటి నుంచి అది చేస్తున్నది అదే అన్నా. ఆయన నవ్వలేదు.

చెల్లి ల్యాప్‌టాప్ తెచ్చి దూరాల గ్రాఫ్ గీస్తోంది. కోడ్‌లో ఎక్కడో ఎర్రర్. సరిచేద్దామని నేను పక్కన చేరా. చిన్నాయన కాసేపు దూరం నుంచే చూశాడు. తర్వాత కళ్ళద్దాలు పెట్టుకుని నోట్‌బుక్ అందుకుని, రైతు చెప్పినవి రాసిన పేజీ చదివాడు.

‘‘సెనగ సరే, మినుము సంగతి అడగలేదేందిమే? రేపు పోతే అడుగు’’ అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, ‘‘ఆ ఐఎఫ్‌ఎస్‌కు కోచింగ్ ఎంత అవుతాదో చూడు’’ అన్నాడు.