పళ్లు తొడిగిన రాతి కట్టర్

ఢిల్లీ కీర్తినగర్ ఫర్నిచర్ మార్కెట్ వెనక వీధుల్లోనూ, నోయిడా, గురుగ్రామ్‌లలో ఇంకా ఎవరూ కాపురం పెట్టని కొత్త ఫ్లాట్లలోనూ, హర్యానాలోని యమునానగర్ నుంచి వచ్చిన ప్లైవుడ్ షీట్లు నేల మీద పరిచి కోస్తుంటారు. కోసేది చాలాచోట్ల చేతి సర్క్యులర్ సా కాదు, గ్రానైటు, టైల్సు కోయడానికి చేసిన నాలుగంగుళాల మార్బుల్ కట్టర్. వజ్రపు పొడి అంచున్న రాతి బిళ్లను విప్పి, అదే ఇరుసుకు కార్బైడ్ పళ్లున్న చెక్క బ్లేడు బిగిస్తారు. పని నడిచిపోతుంది. హైదరాబాద్, విజయవాడ ఫ్లాట్లలో కూడా ఇదే అలవాటు. ఇది పొదుపుగా చేసిన చిన్న మార్పులా కనిపిస్తుంది కాబట్టి ఎవరూ ప్రశ్నించరు. కానీ చేతి సర్క్యులర్ సా అంటే మోటారూ బ్లేడూ మాత్రమే కాదు. బ్లేడుకూ మనిషికీ మధ్య నిలబెట్టిన ఏర్పాట్లన్నీ కలిస్తేనే అది ఆ యంత్రం. అవి లేని పరికరం చవకరకం సర్క్యులర్ సా అనుకోవడం పొరపాటు. అది పూర్తిగా వేరే యంత్రం, చెక్కకు పనికిరానిది.

ఈ యంత్రం పుట్టుక చూస్తే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. గుండ్రటి రంపం పాతదే. 1777లో ఇంగ్లండులో శామ్యూల్ మిల్లర్ తీసుకున్న పేటెంటులోనే దాని ప్రస్తావన ఉంది. ఆ తర్వాత నూట యాభై ఏళ్ల దాకా అది కోతమిల్లులోనే ఉండిపోయింది. బ్లేడు ఒకచోట తిరుగుతుంటే దుంగే దాని దగ్గరికి వెళ్లేది. బ్లేడును చెక్క దగ్గరికి తీసుకెళ్లాలన్న ఆలోచన 1920ల మొదట్లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో ఎడ్మండ్ మిషెల్ అనే ఫ్రెంచి సంతతి మనిషికి వచ్చింది. లూసియానా చెరకు తోటల్లో కూలీలు కత్తులతో గెడలు నరకడం చూసి, కత్తికి చిన్న మోటారూ బ్లేడూ తగిలించి ప్రయత్నించాడు. చెరకు దగ్గర మొదలైన ఆలోచన చెక్క దగ్గర ఫలించింది. జోసెఫ్ సలివన్ అనే వ్యాపారి అతనితో చేయి కలిపి 1924లో షికాగోలో కంపెనీ పెట్టాడు. వాళ్ల యంత్రం పేరు స్కిల్‌సా. 1920లు ముగిసేలోగా పోర్టర్ కేబుల్ కంపెనీ ఇంజనీరు ఆర్ట్ ఎమ్మన్స్ మోటారును బ్లేడుకు పక్కగా అడ్డంగా పెట్టి, గేర్ల అమరిక మార్చి, తేలికైన పొట్టి రూపం ఇచ్చాడు. మనం ఇవాళ దుకాణంలో చూసే ఆకారం దాదాపు అదే. అంటే కోసే సమస్య మొదటి పదేళ్లలోనే తీరింది. అసలు కష్టం ఆ తర్వాతే మొదలైంది. మిల్లులో బ్లేడు ఎక్కడుందో అందరికీ తెలుసు, దాని చుట్టూ కంచె వేయొచ్చు. చేతిలో పట్టుకుని తిరిగే బ్లేడుకు కంచె కూడా దానితోపాటే తిరగాలి.

ఆ తిరిగే కంచెలో మొదటిది కింది గార్డు. బ్లేడు కింది సగాన్ని కప్పి ఉండే ఈ రేకు, యంత్రాన్ని ముందుకు తోసినప్పుడు చెక్క అంచు తగిలి వెనక్కి జరుగుతుంది. కోత అయిపోగానే స్ప్రింగు లాగి మూసేస్తుంది. స్విచ్ వదిలాక కూడా బ్లేడు కొన్ని క్షణాలు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, ఆ క్షణాల్లో తొడనూ వైరునూ కాపాడేది ఇదే. రెండోది రివింగ్ నైఫ్, బ్లేడు వెనక నిలబడే పలుచని ఉక్కు రేకు. యూరప్ తరహా నమూనాల్లో ఉంటుంది, అమెరికా తరహావాటిలో సాధారణంగా ఉండదు. దీని అవసరం తెలియాలంటే బ్లేడు తిరిగే దిశ చూడాలి. చేతి సర్క్యులర్ సాలో కింది పళ్లు ముందుకు దూసుకుపోతాయి, ముందు వైపు పళ్లు పైకి లేస్తాయి. సన్‌మైకా ముఖం కింది వైపు పెట్టి కోయాలనడం ఇందుకే. పళ్లు బయటికొచ్చే పైభాగంలోనే పెచ్చులు లేస్తాయి. ఇప్పుడు షీటు నడుమ కుంగి, కోసిన సందు మూసుకుపోయి బ్లేడును నొక్కిందనుకోండి. ముందుకు పోలేని పళ్ల బలమంతా యంత్రాన్ని వెనక్కి, పట్టుకున్న మనిషి మీదికి విసిరేస్తుంది. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. రివింగ్ నైఫ్ ఆ సందును మూసుకోనివ్వదు. మూడోది స్విచ్. చాలా సర్క్యులర్ సాలలో ఒక బొత్తాం నొక్కి ఉంచితేనే ట్రిగ్గర్ కదులుతుంది. చేయి వదిలితే యంత్రం ఆగాలి, అంతే.

మార్బుల్ కట్టర్‌లో ఈ మూడూ లేవు. వాటిని తయారీదారు మరిచిపోలేదు, ఆ పనికి అవి అక్కర్లేదు. రాతి బిళ్లకు పళ్లుండవు. అది అరగదీస్తుందే గాని కొరకదు, రాయి కుంగి దాన్ని నొక్కే అవకాశమూ తక్కువ. పళ్లు తొడిగిన మరుక్షణం ఈ లెక్కలన్నీ మారిపోతాయి. ఏడుంపావు అంగుళాల సర్క్యులర్ సా బ్లేడు నిమిషానికి 5,500 చుట్లు తిరిగితే దాని అంచు వేగం గంటకు 190 కిలోమీటర్లు. 110 మిల్లీమీటర్ల బ్లేడును 12,000 చుట్ల మార్బుల్ కట్టర్‌కు బిగిస్తే అది 250కి చేరుతుంది. బ్లేడు చిన్నది, కాబట్టి ప్రమాదమూ చిన్నదే అనుకోవడం ఇక్కడే తప్పవుతుంది. ఇంకో సంగతి ఢిల్లీ పరిసరాల అపార్ట్‌మెంట్లకు ప్రత్యేకంగా వర్తిస్తుంది. చాలా మార్బుల్ కట్టర్లలో ట్రిగ్గర్‌ను నొక్కిన స్థితిలోనే లాక్ చేసే బొత్తాం ఉంటుంది. కరెంటు పోతుంది, మిస్త్రీ కట్టర్‌ను నేల మీద పెడతాడు, కాసేపట్లో సొసైటీ జనరేటర్ అందుకుంటుంది. లాక్ తీయని కట్టర్, ఎవరూ పట్టుకోకుండానే, కప్పులేని పళ్లతో మొదలవుతుంది. కరెంటు పోగానే ప్లగ్ పీకేయడం ఇక్కడ అన్నిటికన్నా ముందు రావలసిన అలవాటు.

దీనికి పనివాళ్లు చెప్పే మొదటి సమాధానం అనుభవం. ఇరవై ఏళ్లుగా చేస్తున్న చేతికి గార్డు ఎందుకంటారు. ఆ నైపుణ్యం నిజమైనదే, దాన్ని తక్కువ చేయకూడదు. కానీ ఊహించనిదానికి మనిషి స్పందించడానికి సెకనులో దాదాపు ఐదో వంతు పడుతుంది. ఆ లోపు 12,000 చుట్ల బ్లేడు నలభై సార్లు తిరుగుతుంది. నైపుణ్యం ప్రమాదాన్ని దగ్గరికి రానివ్వకుండా కాపాడగలదు. వచ్చేశాక చేయగలిగింది లేదు. ఈ వాదనకు ఢిల్లీలోనే ఒక మంచి సాక్ష్యం ఉంది. ఐఐటీ ఢిల్లీలో దినేశ్ మోహన్, ఆయన సహచరులు హర్యానా పల్లెల్లో పశుగ్రాసం కత్తిరించే యంత్రాల వల్ల తెగుతున్న వేళ్లూ చేతుల మీద పని చేశారు. 1992లో వెలువడిన వాళ్ల పరిశోధనా పత్రం విషయమే సురక్షితమైన వ్యవసాయ పరికరాల రూపకల్పన. జాగ్రత్తగా ఉండమని చెప్పి ఊరుకోకుండా, యంత్రం రూపాన్నే మార్చాలన్నది వాళ్ల దారి. గడ్డి కత్తికి నిజమైనది ప్లైవుడ్ బ్లేడుకు ఎందుకు కాదో నాకు అర్థం కాదు.

రెండో అభ్యంతరం కొంచెం బరువైనది. గార్డు చూపుకు అడ్డు, సన్న ముక్కల దగ్గర ఇరుక్కుంటుంది, షీటు మధ్యలో సింకు కోసం రంధ్రం తీయాలంటే దారికి రాదు. అందుకే అసలైన సర్క్యులర్ సా కొన్నవాళ్లు కూడా కింది గార్డును మేకుతోనో చెక్క ముక్కతోనో తెరిచి కట్టేస్తారు. ఇబ్బంది ఉన్నమాట నిజం. అయితే గార్డుకు పైన ఉండే చిన్న పిడి ఆ రంధ్రం కోతకే ఇచ్చారు. దాన్ని ఎత్తి పట్టుకుని బ్లేడును నెమ్మదిగా చెక్కలోకి దించి, దిగాక వదిలేయాలి. ఇక ఇరుక్కోవడం చాలాసార్లు సంరక్షణ లోపమే. ప్లైవుడ్ జిగురూ పొట్టూ కలిసి గార్డు లోపలి వైపు అట్టకడతాయి, స్ప్రింగు బలం చాలదు. రోజూ పని మొదలుపెట్టే ముందు ప్లగ్ తీసి, గార్డును చేత్తో పూర్తిగా తెరిచి వదలాలి. అది టప్పున మూసుకోవాలి. నెమ్మదిగా జారితే బ్రష్‌తో దులిపి, గుడ్డతో తుడిచి, అప్పటికీ జారితే స్ప్రింగు మార్చేదాకా ఆ యంత్రాన్ని పక్కన పెట్టాలి. మొద్దుబారిన బ్లేడు కూడా ఈ కోవలోదే. కోయనిదాన్ని మనిషి బలంగా తోస్తాడు, తోసిన యంత్రం ఇరుక్కుంటుంది, ఇరుక్కున్నది ఎగురుతుంది. పొగ వాసన, కోత అంచున నల్లబడిన చెక్క, బ్లేడు మార్చమని చెబుతున్న గుర్తులే. బ్లేడు లోతు షీటు మందం కన్నా ఒక పన్ను ఎత్తు మించనక్కర్లేదు. షీటును కోత గీతకు రెండు వైపులా చెక్కబద్దల మీద ఆనించి, తెగిన ముక్కను స్వేచ్ఛగా పక్కకు జరగనివ్వాలి. చెవులకూ కళ్లకూ రక్షణతోపాటు ముక్కుకు మాస్కు తప్పదు. చెక్క పొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

చివరికి మిగిలేది ధర. సర్క్యులర్ సా ఖరీదు సాధారణంగా మార్బుల్ కట్టర్‌కు రెండు మూడింతలు. రోజుకూలీ మీద బతికే మిస్త్రీ ఒకే యంత్రంతో రాయీ చెక్కా రెండూ కోయాలనుకోవడంలో తర్కం ఉంది, అతన్ని నిందించి లాభం లేదు. 165 మిల్లీమీటర్ల బ్లేడుతో తేలికైన బ్యాటరీ రంపాలు కూడా వచ్చాయి గాని అవి ఇంకా ఖరీదు. కాబట్టి అడగాల్సింది ఆ ఖర్చు ఎవరు పెట్టాలని. 1948 నాటి కర్మాగారాల చట్టం 21వ సెక్షన్ కదిలే ప్రమాదకర భాగాలకు కంచె తప్పనిసరి చేసింది. దాని కింద రాష్ట్రాలు చేసుకున్న నిబంధనల్లో గుండ్రటి రంపానికి రివింగ్ నైఫ్ ఉండాలన్న మాట కూడా చేర్చారు. కానీ ఇద్దరు ముగ్గురు వడ్రంగులు పని చేసే పదో అంతస్తు ఫ్లాటు ఏ లెక్కన చూసినా కర్మాగారం కాదు, తనిఖీ అధికారి అక్కడికి రాడు. కర్మాగారమైన చోట కూడా పరిస్థితి ఎలా ఉందో మానేసర్ కేంద్రంగా పనిచేసే సేఫ్ ఇన్ ఇండియా సంస్థ 2019 నుంచి ‘క్రష్డ్’ పేరుతో తెస్తున్న నివేదికలు చూపిస్తున్నాయి. వాహన భాగాల తయారీలో వేళ్లు పోగొట్టుకున్నవాళ్లలో చాలామంది పని చేసింది భద్రతా సెన్సర్లు లేని ప్రెస్సుల మీద. ఆ సెన్సర్లు పెట్టాలో వద్దో తేల్చేది కార్మికుడు కాదు. ఫ్లాటులోనూ అంతే. ఇంటీరియర్ పనికి లక్షల్లో ఒప్పందం రాసుకునేటప్పుడు ప్లైవుడ్ గ్రేడు, హింజిల బ్రాండు, సన్‌మైకా రంగు నంబరు దాకా పట్టుబట్టి రాయించే యజమాని, చెక్కను గార్డున్న సర్క్యులర్ సాతోనే కోయాలనీ, దాని ఖర్చు లేదా అద్దె బిల్లులో చూపాలనీ ఇంకో వాక్యం రాయించగలడు. మొత్తం బిల్లులో అది ఒక అల్మరా తలుపు ఖరీదును మించదు.