రాతికి ఊరు – పేరు

క్రొత్త మనుష్యుడు ఎదురైనపుడు మనము మొదట ఊరు అడుగుదుము, పిమ్మట పేరు అడుగుదుము. ఊరు పేరు లేనివాని మాటకు సాక్ష్యముగా విలువ లేదు. రాతి విషయమున ఈ మర్యాదను పాటించువారు తక్కువ. కొండదారిలో తళుక్కుమన్న రాయి కనబడినచో ఏరి సంచిలో వేసికొందుము. ఇల్లు చేరిన తరువాత కిటికీగూటిలోనో పూలకుండీలోనో ఉంచుదుము. ఏడాది గడచునప్పటికి అది ఏ కొండ మీదిదో మనకే జ్ఞాపకముండదు. ఖనిజముల సేకరణమనగా రాళ్ళను పోగుచేయుట మాత్రమే యని పలువురు తలచుచుందురు. ఆ రాళ్ళ ఊరు పేరులను భద్రపరచుటయే అందలి అసలైన పని యని చెప్పుట ఈ ప్రసంగోద్దేశము.

ముందుగా శిలకును ఖనిజమునకును గల భేదమును తెలిసికొందము. ప్రకృతిలో సహజముగా ఏర్పడి, నిర్ణీతమైన రసాయన సంయోగమును, పరమాణువుల క్రమబద్ధమైన అమరికను కలిగిన ఘనపదార్థము ఖనిజము. అట్టి ఖనిజములు ఒకటియో అనేకమో కూడి ఏర్పడినది శిల. శిల పులిహోర వంటిదైనచో, ఖనిజములు అందలి మెతుకు, పప్పు, ఆవగింజల వంటివి. విశాఖపట్నము చుట్టుపట్ల కొండలలో విరివిగా కనబడు ఎఱ్ఱని శిలకు ఖోండలైటు అని పేరు. ఖోండు గిరిజనుల పేరిట 1902లో వాకర్ అను భూవిజ్ఞాని దాని కీ పేరు పెట్టెను. ఆ శిలను చేతితో పట్టి చూచినచో గార్నెట్టు గింజలు ఎఱ్ఱగాను, సిలిమనైటు సూదులు తెల్లగాను, అక్కడక్కడ గ్రాఫైటు రేకులు నల్లగాను కనబడును. వానలకు శిల శిథిలమై మన్నుగా మారినను, గట్టిదగుటచే గార్నెట్టు మిగిలిపోవును. కొండవాగుల ఇసుకలో దానిమ్మగింజల వలె మెరయునవి ఈ గార్నెట్లే.

విజయనగరములో ఉద్యోగవిరమణ చేసిన విజ్ఞానశాస్త్రోపాధ్యాయులు ఒకరు నలువది సంవత్సరములుగా ఖనిజములను సేకరించుచున్నారు. ఆయన మా కార్యక్రమములకు చిరకాల శ్రోత. ఆయన ఇంట ఒక టేకు బీరువా కలదు. లోతు తక్కువైన సొరుగులలో చిన్న అట్టపెట్టెలు, ఒక్కొక్క పెట్టెలో ఒక్కొక్క రాయి, రాతి క్రింద ఒక చీటీ. చీటీపై వరుస సంఖ్య, ఖనిజము పేరు, దొరకిన స్థలము, తేదీ, ఇచ్చినవారెవరైన నున్నచో వారి పేరు. రాతి మీద కూడ ఒక మూల తెల్లరంగు చుక్క పెట్టి, అదే సంఖ్యను నల్లసిరాతో వ్రాసియుంచినారు. చీటీ జారిపోయినను సంఖ్యను బట్టి చిట్టాలో చూచుకొనవచ్చునని ఆయన ఏర్పాటు.

ఆ సొరుగులలో మన దేశభాగమంతయు ఉన్నది. గూడూరు ప్రాంతపు అభ్రకము, మన వాడుకలో కాకిబంగారము, పుస్తకపు పుటల వలె పొరలు పొరలుగా విడివడుచున్నది. మంగంపేటనుండి వచ్చిన బెరైటీసు, అనగా ముగ్గురాయి, బూడిదవన్నెలో సామాన్యముగా కనబడును. చేతిలోనికి తీసికొన్నప్పుడు దాని బరువు ఆశ్చర్యపరచును. నీటికంటె నాలుగున్నర రెట్లు బరువైన ఈ ఖనిజపు పొడిని చమురు బావులు త్రవ్వునపుడు బురదనీటిలో కలిపి, లోపలి ఒత్తిడిని అణచుటకు వాడుదురు. బండలమోటు గనినుండి వచ్చిన సీసపు ఖనిజము గెలీనా అంతకంటె బరువైనది. ఎక్కడ విరిచినను చిన్న చిన్న ఘనములుగానే విరుగును. పులివెందుల ప్రాంతపు రాతినార మాత్రము మూత బిగించి లక్కతో మూసిన గాజుసీసాలో ఉన్నది. దాని నూగు ఊపిరితిత్తులలో చేరినచో ప్రాణాంతకమైన వ్యాధులు కలుగును గనుక ఆ సీసాను ఆయన ఎవరికిని విప్పి చూపరు.

రాతి పేరును నిర్ణయించుట ఎట్లు? రంగును నమ్మిన మోసపోదుము. ఒకే పలుగురాయి తెల్లగాను, గులాబిగాను, ఊదాగాను, పొగరంగుగాను దొరకును. అందుచే గట్టితనమును పరీక్షింపవలెను. ఫ్రెడరిక్ మోస్ అను జర్మను ఖనిజశాస్త్రజ్ఞుడు 1812లో పది ఖనిజములను వరుసగా పేర్చి కాఠిన్యమునకు ఒక కొలమానమును ఏర్పరచెను. మొదటిది బలపపురాయి జాతికి చెందిన టాల్కు, ఏడవది పలుగురాయి, తొమ్మిదవది కురువిందము, పదవది వజ్రము. మన గోరు రెండున్నర, కలముచాకు ఇంచుమించు అయిదున్నర. గోటితో గీత పడినచో అది మెత్తని ఖనిజము. చాకుతో గీత పడక, తానే గాజును గీసినచో అది పలుగురాయివంటి గట్టిది. రెండవ పరీక్ష గీతరంగు. పింగాణీ పలక వెనుకనున్న గరుకు భాగముపై రాతిని గీయవలెను. ఉక్కువలె నల్లగా మెరయు హెమటైటు అను ఇనుపరాయి అక్కడ ఎఱ్ఱని గీతను వదలును. చూపునకు దానిని పోలిన మాగ్నటైటు నల్లని గీతను వదలును, అయస్కాంతమునకు అంటుకొనును. ఒక చాకు, ఒక పలకముక్క, ఒక అయస్కాంతము, ఒక భూతద్దము: ప్రారంభకునకు ఇంతకు మించిన ప్రయోగశాల అక్కరలేదు.

పేరు నేడు తెలియకున్నను రేపు తెలియవచ్చును. పరీక్షలు చేయుటకు రాయి మన యొద్దనే యుండును. ఊరు అట్టిది కాదు. అది రాతిలో వ్రాసియుండదు. ఏరిన క్షణమున వ్రాసికొననిచో చాలవరకు మరల తెలియదు. రాజమహేంద్రవరమువద్ద గోదావరి గులకలలో చారలుగల అగేటు రాళ్ళు దొరకును. సుమారు ఆరుకోట్ల అరువది లక్షల సంవత్సరముల క్రిందట దక్కను పీఠభూమిపై లావా ప్రవహించి గడ్డకట్టినపుడు, అందలి గాలిబుడగల గుల్లలలో సిలికా పొరలు పొరలుగా చేరుటచే అట్టి రాళ్ళు పుట్టినవి. ఎగువనున్న ఆ లావా ప్రదేశమునుండి నది వాటిని దొరలించుకొని వచ్చినది. అయితే రాజమహేంద్రవరము సమీపమున కాతేరువద్ద కూడ ఆ జాతి లావా శిలలు కలవు. కావున చీటీపై “రాజమహేంద్రవరము” అని మాత్రమే వ్రాసిన చాలదు. నదిగులకలలో ఏరినదా, శిలనుండి తీసినదా యని కూడ వ్రాయవలెను. ఆ ఒక్క మాటతో రాయి నడచిన దారి తెలియును.

విజయనగర ప్రాంతపు మాంగనీసు గనుల చరిత్ర దీనికి మరింత గట్టి నిదర్శనము. అక్కడ త్రవ్వకములు పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకమున ఆరంభమైనవి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన ఫెర్మర్ ఆ గనులను పరిశీలించి, మాంగనీసు గార్నెట్టుతో కూడిన ఒక విచిత్రమైన శిలకు కోడూరు గని పేరిట కోడురైటు అని పేరిడెను. దేశములోని మాంగనీసు నిక్షేపములపై ఆయన రచించిన బృహద్గ్రంథము 1909లో వెలువడెను. కరిగిన ద్రవశిల గడ్డకట్టి కోడురైటు ఏర్పడినదని ఆయన అభిప్రాయము. ప్రాచీన అవక్షేపములు రూపాంతరము చెందుటవలన అది కలిగినదని తరువాతివారిలో కొందరు వాదించిరి. ఇట్టి వాదము తీరవలెనన్న శిలను మరల చూడవలెను. గని నీటితో నిండిపోయినను, గుంట పూడ్చి ఇండ్లు కట్టినను, చూచుట ఎట్లు? అప్పుడు స్థలము, తేదీ వ్రాసియున్న ముక్కయే మిగిలిన సాక్షి. తెలుగువారు ఎందరో పనిచేసిన కోలారు బంగారు గనులు 2001లో మూతపడినవి. ఆ లోతులనుండి పైకి వచ్చిన ఒక పలుగుముక్కకు చీటీ యున్నచో అది గని చరిత్ర. చీటీ లేనిచో పలుగుముక్కయే.

ఈ సత్యమును జీవితాంతము పాటించిన సేకరణకర్త ఇంగ్లండులో ఒకరుండిరి. ఆయన సర్ ఆర్థర్ రస్సెల్. 1878లో జన్మించి, బాల్యమునుండి 1964లో మరణించువరకు బ్రిటిషు దీవుల ఖనిజములనే సేకరించెను. గనులు మూతపడుచున్న కాలమున స్వయముగా వెళ్ళి నమూనాలు తెచ్చెను. పాత సేకరణములు చెదరిపోకుండ కొని, వాటి పాత చీటీలను కూడ పదిలపరచెను. కార్న్‌వాల్ గనిలో లభించిన ఒక క్రొత్త ఖనిజమునకు 1938లో ఆయన పేరిట రస్సెలైటు అని నామకరణము జరిగెను. పదివేలకు మించిన ఆయన నమూనాలు లండనులోని ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలకు చేరినవి. చీటీలు లేకున్నచో అన్ని పెట్టెల రాళ్ళకు అక్కడ అంతటి ఆదరణ లభించియుండెడిది కాదు.

మన ఉపాధ్యాయులవారి చింత కూడ ఇదియే. ఆయనకు చూపు తగ్గుచున్నది. పిల్లలు దూరపు నగరములలో స్థిరపడినారు; బీరువాను ఉంచుటకు వారి ఇండ్లలో చోటు లేదు. చిట్టాలో సగము ఆయనకు మాత్రమే అర్థమగు పొట్టి గుర్తులతో ఉన్నది. “నా తరువాత ఈ రాళ్ళు పునాదిలో పడినను బాధలేదు, అవి వచ్చినచోటు కదా! ఊరు పేరు పోవునేమోయని నా భయము,” అని ఆయన నాతో అన్నారు. ఇప్పుడు వీధిలోని ఇంటర్మీడియటు విద్యార్థిని ఒకతె వారమునకు రెండు సాయంకాలములు వచ్చి, ఆయన చెప్పుచుండగా ఒక్కొక్క గుర్తును పూర్తి వాక్యముగా తిరుగ వ్రాయుచున్నది. చిట్టా పూర్తియైన పిమ్మట రాళ్ళను, చిట్టాను విడదీయక ఉంచుకొను కళాశాల ఏదైనను అంగీకరించినచో ఇచ్చివేయుదునని ఆయన నిశ్చయము. మూడువందల పై చిలుకు రాళ్ళలో నూట నలువదింటికి ఆ పని ముగిసినది.

ఈ విద్యయందు అభిరుచి గల యువజనులకు కొన్ని జాగ్రత్తలు. పొలములో అడుగుపెట్టుటకు ముందు యజమాని అనుమతిని, రాతిగనిలో ప్రవేశించుటకు ముందు నిర్వాహకుల అనుమతిని పొందవలెను. గని అంచులకు, వ్రేలాడు బండల క్రిందకు పోరాదు. సుత్తి దెబ్బకు ముక్కలు కంట పడును గనుక అద్దములు ధరింపవలెను. సీసపు ఖనిజములను ముట్టినచో చేతులు కడుగుకొనవలెను. వజ్రకరూరు, జొన్నగిరి పొలములలో తొలకరి వానల తరువాత వజ్రములకై వెదకు జనమును చూచి, విలువైన రాయి దొరకినచో మనదే యని భ్రమపడరాదు. ఖనిజములపై హక్కులను చట్టము నియమించుచున్నది. భీమునిపట్టణము దారిలోని ఎఱ్ఱమట్టిదిబ్బలు, తిరుమల కొండదారిలోని శిలాసంధి వంటివి జాతీయ భూవైజ్ఞానిక స్మారకములు. వాటినుండి పిడికెడు మన్నైనను తీసికొనరాదు. బొఱ్ఱాగుహలలోని సున్నపు స్తంభములు బొట్టు బొట్టుగా వేలయేండ్లకు పెరిగినవి. వాటిని కంటితోనే సేకరింపవలెను.

ప్రారంభించుటకు కొండలకు పోనక్కరలేదు. మీ ఇంట కిటికీగూటిలో ఇప్పటికే ఒక రాయి ఉండును. అది ఎక్కడిదో మీకు గాని, మీ తాతగారికి గాని ఇంకను జ్ఞాపకమున్నచో, ఆ ఊరిని, ఆ సంవత్సరమును నేడే ఒక చీటీపై వ్రాసి దాని క్రింద ఉంచుడు. పేరును నెమ్మదిగా తెలిసికొనవచ్చును.