పగడపు దిబ్బలో గట్టు తగాదా

యోబు గ్రంథము 28వ అధ్యాయములో జ్ఞానము ఎంత విలువైనదో చెప్పుచు పగడములను ప్రస్తావించుట మీరు చదివియుందురు. మన పల్లెలలో పగడమనగా ఉంగరములో పొదిగిన ఎర్రని రాయి. నిజమునకు అది రాయి కాదు. సముద్రములో బ్రతుకు చిన్న ప్రాణుల అస్థిపంజరము.

పగడములలో దిబ్బలు కట్టు జాతులు కూడ ఉన్నవి. కర్నూలు, కడప సీమలకు సముద్రము దూరమే గాని, రామేశ్వరము, తూత్తుకుడి నడుమ మన్నారు సింధుశాఖలో అట్టి దిబ్బలున్నవి. 21 దీవులు గల ఆ ప్రాంతమును 1986లో సముద్ర జాతీయవనముగా ప్రకటించిరి.

దిబ్బను కట్టు ప్రాణి మెత్తనిది. నోటి చుట్టు మీసముల వంటి తంతువులుండును. అది తన అడుగున సున్నపు గూడు కట్టుకొనును. ఒకటి చీలి రెండగును, రెండు నాలుగగును. ఇట్లు వేలకొలది ప్రాణులు ఒకే కుటుంబముగా అతుకుకొని పెరుగును. ఒకటి తిన్న ఆహారము పక్కదానికి కూడ అందును.

అయితే దిబ్బ మీద చోటు తక్కువ. పెరుగుచు పెరుగుచు ఒక కుటుంబపు అంచు మరియొక దాని అంచును తాకును. అది తన ముక్కయే అయినచో రెండును అతుకుకొని ఒకటగును. ఒకే జాతిదైనను వేరు కుటుంబమైతే తరచుగా అతుకదు. ఒకరి మూత్రపిండమును మరియొకరికి అమర్చినపుడు శరీరము నిరాకరించుట వంటిదే ఇది. వేరు జాతియైనచో కొన్ని పగడములు తమ కడుపులోని సన్నని పోగులను వెలుపలికి చాచి, పొరుగుదాని మాంసమును అక్కడికక్కడే జీర్ణము చేసివేయును. జమైకాలో జూడిత్ లాంగ్ అను శాస్త్రజ్ఞురాలు దీనిని గమనించి 1971లో ప్రకటించెను. ఒకే జాతి అని పండితులు తలంచిన రెండు పగడములు వేరువేరని ఆ పోరును బట్టియే ఆమె గుర్తించెను. మరికొన్ని పగడములు పోరు కొరకే పొడవైన తంతువులను పెంచుకొనును. పోరు జరిగిన అంచున మాంసము చచ్చి, తెల్లని సున్నము బయటపడును. పెరుగుదలకు పోవలసిన బలము పోరుకు ఖర్చగును.

ఇది చదువుచుండగా మన పొలముల గట్లు జ్ఞాపకము రాలేదా? ఒక తల్లి బిడ్డలు జానెడు గట్టు కొరకు కోర్టు వాయిదాలకు తిరుగుదురు. అన్న బోరు వేసెనని తమ్ముడు పక్కనే ఇంకా లోతుగా వేయించును. చివరకు రెండును ఎండిపోవును, అప్పులు మాత్రము మిగులును. సంఘములో కూడ "వీరు మా వారు, వారు మీ వారు" అని బల్లలు వేరగుచున్నవి.

పగడమును తప్పుపట్టలేము, దానికి వేరు దారి లేదు. కాని గమనించండి: కొన్ని జాతులలో ఒకే తల్లికి పుట్టిన పిల్లలు లేత వయస్సులో తాకినచో కలిసిపోవును, ముదిరిన తరువాత కలియవు. మన తగాదాలును అంతే. మొదటి వారములో ఒక మాటతో పోవునది పదేండ్లకు తరతరాల పగ అగును.

అబ్రాహాము పెద్దవాడై యుండియు, ఏ దిక్కు కావలెనో ముందుగా కోరుకొనుమని లోతునకే విడిచిపెట్టెను (ఆదికాండము 13). అతడు నష్టపోయెనా? లేదు. పగడము తన వంటి దానితోనే కలియును. క్రీస్తు శరీరమైన సంఘమో, వేరువేరు ఇండ్లవారు, వేరువేరు పేటలవారు కలిసి కట్టబడినది. కాబట్టి సహోదరులారా, ఈసారి విత్తనము వేయకముందే మీ సహోదరునితో కలిసి గట్టు మీద కూర్చుండి మాటలాడుడి. వకీలు తరువాత, అన్నదమ్ములు ముందు.