కాలీ కాలని గుట్టు

ఏరా, పొగకు ఊరూ పేరూ ఉంటాయా అంటావా? ఉంటాయిరా. చలికాలం పొద్దున మన వీరులపాడు చేలమీద ఆ పొగమంచు నిలిచినప్పుడు, అందులో ఎవరి వాటా ఎంతో రచ్చబండ దగ్గర అడిగి చూడు. రైతు ఇబ్రహీంపట్నం కరెంటు కేంద్రం గొట్టాల వైపు చెయ్యి చూపిస్తాడు. లారీ ఆయన జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీలంటాడు. నందిగామ బస్తీ వాళ్ళు, పత్తి కంప తగలబెట్టే మన ఊరి రైతులే అంటారు. ఎవరూ తమ పేరు చెప్పరు. అందుకే కెమిస్ట్రీ వాళ్ళు మనుషుల్ని వదిలేసి పొగనే అడుగుతారు.

ముందు ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. ఏ కట్టె అయినా నిఖార్సుగా కాలిపోతే మిగిలేది కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, కాస్త బూడిద. ఆ వాయువుల్ని చూడగానే కాలింది వరిగడ్డో డీజిలో చెప్పడం కష్టం. కానీ చేలో పెట్టిన మంటకు గాలి చాలదు, కంపలో తడి ఉంటుంది. కాలీ కాలని ముక్కలు పొగై లేస్తాయి. మన ఊపిరితిత్తులకు చేటు చేసేవి ఎక్కువగా అవే. ఏం కాలిందో పట్టించేవీ అవే.

మొక్క అన్నాక సెల్యులోజ్ ఉంటుంది కదా. వేడి 300 డిగ్రీలు దాటితే అది విరిగి లెవోగ్లూకోసాన్ అనే చక్కెర జాతి పదార్థం అవుతుంది. డీజిల్ పొగలో అది పుట్టదు. కాబట్టి గాలిలో అది దొరికితే ఎక్కడో గడ్డో కట్టో కాలిందన్నమాటే. బెర్న్డ్ సైమనైట్ బృందం 1999లో దీన్ని గుర్తుగా వాడొచ్చని చూపించింది.

మరి వరి కొయ్యలా, పత్తి కంపా? అది లిగ్నిన్ చెబుతుంది. కాండానికి గట్టిదనం ఇచ్చేది అదే. వరి గడ్డి జాతిది, పత్తి రెండు బద్దల గింజది. రెండిట్లో లిగ్నిన్ కట్టుబడి వేరు గనుక, పొగలోకి వచ్చే ఫీనాల్ ముక్కల పాళ్ళూ వేరుగా ఉంటాయి.

భోగి మంటలో నువ్వేసే పిడకల దండకూ ఓ గుర్తుంది, నవ్వకు! ఆవు మేసిన మేతలోని స్టెరాల్‌ను దాని పొట్టలోని సూక్ష్మజీవులు ఒక ప్రత్యేకమైన స్టానాల్‌గా మారుస్తాయి. మన దక్షిణాసియా వంటచెరకును కాల్చి చూసిన శాస్త్రజ్ఞులు 2003లో పిడకల పొగలో దాన్ని పట్టుకున్నారు. అంటే ఆ పదార్థం మంటలో పడకముందే ఆవు కడుపులోంచి వచ్చిందని తెలిసిపోతుంది. అదే మంటలో ఎవడైనా పాత టైరు పడేస్తే జింకు పైకి తేలుతుంది. రబ్బరును గట్టిపరచడానికి జింక్ ఆక్సైడ్ కలుపుతారు మరి. ప్లాస్టిక్ సంచులు కాలిస్తే ట్రైఫినైల్ బెంజీన్ వస్తుంది. చెన్నై గాలిలో ఇది దొరికింది.

హైవే మీద బళ్ళ సంగతంటావా? పూర్వం పెట్రోల్లో సీసం కలిపేవారు, గాలిలో సీసం చూస్తే బళ్ళ లెక్క తేలేది. 2000 సంవత్సరం నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. మన ఆరోగ్యానికి మేలైంది, శాస్త్రజ్ఞులకు మాత్రం ఓ గుర్తు పోయింది. ఇప్పుడు ఇంజన్ ఆయిల్లో ఉండే హోపేన్లను పట్టుకుంటున్నారు. అవి కోట్ల ఏళ్ళ నాటి బాక్టీరియా పొరల అవశేషాలు. అయితే బొగ్గులోనూ హోపేన్లుంటాయి. అందుకని ఒక్క సాక్షి మాటే నమ్మరు. బొగ్గుకు ఆర్సెనిక్, సెలీనియం కూడా చూస్తారు. మైక్రోస్కోపులో ఎగిరే బూడిద గుండ్రటి గాజు పూసలై కనిపిస్తుంది. బొగ్గులోని మట్టి కొలిమిలో కరిగి, చల్లారి, గడ్డకట్టిన రూపం అది. సిమెంటు దుమ్మయితే కాల్షియంతో దొరికిపోతుంది.

ఇక వాటాల లెక్క. ఒకరకం గడ్డి పొగలో పదో వంతు లెవోగ్లూకోసాన్ ఉందనుకుందాం. గాలిని లాగి పట్టిన వడపోత కాగితం మీద అది 2 మైక్రోగ్రాములు దొరికితే ఆ పొగ 20 మైక్రోగ్రాములన్నమాట. ఇలా ఒక్కో గుర్తుకూ లెక్కగట్టి, అన్నీ కలిపి కాగితం మీది మొత్తానికి సరిపోయేదాకా కంప్యూటర్ సర్దుతుంది.

మన తెలుగు నేల మీద ఈ పని హైదరాబాదులో జరిగింది. సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత 2005లో మొదలుపెట్టి, మూడు చోట్ల, మూడు కాలాల్లో 180 నమూనాలు పట్టారు. పెద్ద రేణువుల లెక్కలో బళ్ళ పొగ, రోడ్డు దుమ్ము కలిసి 60 శాతం పైనే. ఊపిరితిత్తుల లోపలిదాకా దూరే 2.5 మైక్రాన్ల సన్న రేణువుల్లో బళ్ళతోపాటు ఫ్యాక్టరీల బొగ్గు, చెత్త మంటలు కూడా తేలాయి. వాయువులు గాలిలోనే కలిసి రేణువులైన వాటా ఇంకొకటి. ఆ లెక్క మీదే కాలుష్య నియంత్రణ మండలి నగరానికి ప్రణాళిక రాసుకుంది.

అయితే లెవోగ్లూకోసాన్ ఎండకు కొన్ని రోజుల్లో కరిగిపోతుంది, దూరం నుంచి వచ్చిన పొగలో తగ్గిపోతుంది. అప్పుడు మసిలోని కార్బన్‌నే అడుగుతారు. నిన్నమొన్నటి మొక్కలో కార్బన్-14 ఉంటుంది. అది 5,730 ఏళ్ళకు సగమవుతుంది గనుక కోట్ల ఏళ్ళ నాటి బొగ్గులో, డీజిల్లో సున్నా. స్వీడన్ శాస్త్రజ్ఞులు పుణె దగ్గరి సింహగఢ్‌లో, మాల్దీవుల్లో పట్టిన మసిని ఇలా పరీక్షించి 2009లో చెప్పిందేమిటంటే, దాదాపు సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా కట్టె, పిడక, పంట మంటలదేనట!

కాబట్టి రచ్చబండ తగువులో అందరూ కొంత నిజమే చెబుతున్నారు, తమ పేరు తప్ప. కరెంటు కేంద్రాన్ని రేపటికి మార్చడం మనవల్ల కాదు. పత్తి కంపను ముక్కలు చేసి దుక్కిలో కలపడం, చెత్తకు నిప్పు పెట్టకపోవడం మాత్రం ఈ ఏడే మన చేతిలో ఉంది.