నలుబది తొమ్మిదవ ఏట స్త్రీల ఆరోగ్యము – చీనా వైద్యుల మతము

రెండువేల యేండ్లనాటి చీనా వైద్య గ్రంథము ‘హువాంగ్‌డి నైజింగ్’ స్త్రీ జీవితమును ఏడేసి సంవత్సరములుగా లెక్కించినది. 14వ ఏట ముట్టు మొదలగును; 49వ ఏట నిలుచును. ఇది రోగము కాదు, వయోధర్మము. మూత్రపిండములందలి ‘యిన్’ అను చల్లని శక్తి తగ్గుటచే ఒంట ఆవిరులు, రాత్రి చెమటలు, నిద్రలేమి కలుగునని వారి మతము. అండాశయములనుండి పుట్టు ఈస్ట్రోజెన్ తగ్గుటయే కారణమని నేటి వైద్యము చెప్పుచున్నది.

చీనావారు వాడు ‘డాంగ్ క్వాయ్’ వేరును 1997లో వెలువడిన అమెరికా పరీక్షలో 71 మంది స్త్రీలపై 24 వారములు చూడగా, విడిగా ఇచ్చిన ఆ వేరు ఉత్తి గుళికకంటె ఎక్కువ మేలు చేయలేదు. రక్తమును పలుచబరచు మందులు వాడువారు దానిని తాకరాదు.

ముట్టు నిలిచి సంవత్సరము గడచిన పిమ్మట మరల రక్తము కనబడినచో, వయసు దోషమని ఊరకుండరాదు. కండెలు చుట్టు పనియున్నదని వాయిదా వేయక, సిగ్గుపడక, వెంటనే వైద్యునికి చూపించుకొనవలెను.